ఒత్తు ఎక్కడ నిలబడుతుంది? ఫొటో మీద తెలుగు అక్షరానికి నీడ

వరంగల్ కోటలో పొద్దు వాలే వేళకు కీర్తి తోరణం నీడ తూర్పు వైపు నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది. ఆ వేళలో తీసిన ఫొటోను వెనక పెట్టి, పైన ‘ఓరుగల్లు’ అని రాసి, డ్రాప్ షాడో (అక్షరానికి సాఫ్ట్‌వేర్ తానే వేసే నీడ) నొక్కి ప్రింటుకు పంపిన ఫ్లెక్సీలు హనుమకొండ చౌరస్తాలో, పోచమ్మ మైదాన్‌లో, ములుగు రోడ్డు పొడవునా కనిపిస్తూనే ఉంటాయి. ఫొటోలో తోరణం నీడ ఎడమకు పడి ఉంటుంది, అక్షరాల నీడ కుడికి పడి ఉంటుంది. తోరణం నీడలో నేల రంగు తెలుస్తూనే ఉంటుంది, అక్షరాల నీడ మాత్రం బొగ్గు పూసినట్టు ఉంటుంది. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి తప్పు ఇదీ అని చెప్పకపోవచ్చు. కానీ ఆ అక్షరాలు ఆ చోటివి కావని, ఎవరో తర్వాత అతికించారని చూసిన క్షణంలోనే తెలిసిపోతుంది.

నీడను చూసి కన్ను మూడు సంగతులు పసిగడుతుంది. వెలుగు ఎటు నుంచి వస్తోంది, వస్తువు తన వెనక ఉన్న గోడకో కింద ఉన్న నేలకో ఎంత దూరంలో ఉంది, ఆ గోడ లేదా నేల చదునుగా ఉందా ఎగుడుదిగుడుగా ఉందా. సాఫ్ట్‌వేర్‌లోని రెడీమేడ్ నీడ ఈ మూడింటికీ ఫొటోను చూడకుండానే జవాబు చెప్పేస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. నీడ గురించి ఇంటర్నెట్‌లో దొరికే పాఠాలు దాదాపు అన్నీ ఇంగ్లిష్ అక్షరాలను పెట్టుకుని చెప్పినవే. గుండ్రటి అడుగు, పైన తలకట్టు, కింద ఒత్తు ఉన్న తెలుగు అక్షరానికి ఆ పాఠం చాలదు.

ఫొటోషాప్‌లో లేయర్ ఎఫెక్ట్స్, అంటే లేయర్‌కు (పొరకు) నీడ లాంటివి తానే వేసే సౌకర్యాలు, 1998లో వచ్చిన 5.0 వెర్షన్‌తో మొదలయ్యాయి. అంతకుముందు నీడ కావాలంటే అక్షరాలకు కాపీ తీసి, నల్ల రంగు నింపి, అంచులను మెత్తబరిచే గాసియన్ బ్లర్ ఇచ్చి, చేత్తో పక్కకు జరపాల్సి వచ్చేది. ఎఫెక్ట్స్ వచ్చాక ఆ శ్రమ తప్పింది, దాంతోపాటు ప్రతి మెట్టు దగ్గరా ఆగి ఆలోచించే అవకాశం కూడా పోయింది. నిజమైన నీడ కావాలంటే ఇప్పటికీ ఆ పాత దారికే తిరిగి రావాలి.

డ్రాప్ షాడో పెట్టెలో ఉన్న మీటలు ఏం చెబుతున్నాయో ముందు చూడాలి. యాంగిల్ అంటే నీడ పడే దిక్కు కాదు, వెలుగు వచ్చే దిక్కు. పాత వెర్షన్లలో అది 120 డిగ్రీల దగ్గర ఉండేది, అంటే వెలుగు ఎడమ పైమూల నుంచి వస్తున్నట్టు, నీడ కుడి కింది వైపు పడుతున్నట్టు. డిస్టెన్స్ అంటే నీడ ఎంత జరగాలన్నది. సైజ్ అంటే అంచు ఎంత మెత్తబడాలన్నది. స్ప్రెడ్ పెంచితే నీడ అక్షరం కంటే లావెక్కి గట్టిపడుతుంది. ఎండలో పడే నీడ అలా లావెక్కదు కాబట్టి నిజంగా కనిపించాలంటే స్ప్రెడ్‌ను సున్నా దగ్గరే వదిలేయడం మంచిది. యూజ్ గ్లోబల్ లైట్ అన్న గడిలో టిక్ ఉంటే ఫైల్‌లోని అలాంటి లేయర్లన్నిటికీ ఒకే దిక్కు వర్తిస్తుంది. ఎక్కడి నుంచో తెచ్చిన పీఎస్‌డీ (ఫొటోషాప్ ఫైల్) లోని లేయర్లలో ఈ టిక్ తీసేసి ఉంటే అవి తమ పాత దిక్కునే మోసుకొస్తాయి. ఒకే ఫ్లెక్సీ మీద రెండు మూడు సూర్యుళ్లు ఉన్నట్టు కనిపించడానికి ఎక్కువసార్లు ఇదే కారణం.

ఈ ఎఫెక్ట్ వెనక ఒక ఊహ ఉంది. అక్షరం పలచటి అట్టముక్క లాంటిది, వెనకున్న గోడ చదునైనది, రెండూ ఎదురెదురుగా సమాంతరంగా ఉన్నాయి అన్నదే ఆ ఊహ. షాపు బోర్డు మీద కాస్త ఎత్తుగా బిగించిన అక్రిలిక్ అక్షరాలకు అది సరిగ్గా సరిపోతుంది. నేల మీద నిలబెట్టిన అక్షరాలకు, మెట్ల మీద పడే నీడకు, ముడతలు పడిన గుడ్డకు అది పనికిరాదు. ఏ మీట ఎటు తిప్పినా పనికిరాదు.

వెలుగు దిక్కు ఫొటోలోనే ఉంటుంది

తోరణం లాంటి నిర్మాణం ఫొటోలో ఉంటే పని తేలిక. పై మూలలు రెండూ, నేల మీద వాటి నీడ కొసలు రెండూ స్పష్టంగా కనిపిస్తాయి. మూల నుంచి దాని నీడ కొసకు ఒక గీత, రెండో మూల నుంచి రెండో కొసకు ఇంకో గీత గీసి పొడిగిస్తే రెండూ ఒక చోట కలుస్తాయి. సూర్యుడు కెమెరాకు ఎదురుగా ఉంటే ఆ చోటే సూర్యుడి స్థానం, ఫ్రేము బయట ఉన్నా సరే. సూర్యుడు కెమెరా వెనక ఉంటే గీతలు క్షితిజరేఖకు కింద కలుస్తాయి. ఎండ సరిగ్గా పక్క నుంచి పడితే అసలు కలవవు, సమాంతరంగా పోతాయి. అదే విధంగా స్తంభం అడుగు నుంచి నీడ పోయిన దిక్కుకు గీతలు గీస్తే అవి క్షితిజరేఖ మీద ఒక చోట కలుస్తాయి. ఈ రెండు బిందువులు చేతికొస్తే ఏ అక్షరం నీడ ఎటు పోవాలో, ఎక్కడ ఆగాలో లెక్క తేలిపోతుంది. ఒక ఖాళీ లేయర్ మీద ఎర్ర గీతలతో ఇది గీసుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. దీన్ని వదిలేసి కంటి అంచనాతో నీడ వంచితే గంటసేపు అటూ ఇటూ జరిపినా తృప్తి ఉండదు.

ఫొటోలో నిలువు వస్తువు ఏదీ లేకపోతే ఊరి అక్షాంశమే సాయం చేస్తుంది. వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం ఒక మీటరు కర్ర నీడ ఉత్తరానికి 88 సెంటీమీటర్ల వరకు పడుతుంది. మే నెల మధ్యలో ఒకసారి, జూలై చివర్లో ఇంకోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, అప్పుడు కర్రకు నీడే ఉండదు. ఆ రెండు రోజుల మధ్య కాలంలో మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది, అది కూడా 10 సెంటీమీటర్లు దాటదు. అంటే మే నెలలో మధ్యాహ్నం తీసిన ఫొటో మీద అక్షరాలకు పొడుగాటి వాలు నీడ పెడితే ఎండాకాలం ఎరిగిన వరంగల్ కంటికి అది పొద్దెక్కని నీడలా, పొసగనిదిగా ఉంటుంది.

నలుపు ఎంత?

డిజైన్‌లో ఎక్కువగా పాడయ్యేది ఈ భాగమే. కంప్యూటర్‌లో 0 నుంచి 255 వరకు ఉండే అంకెలు వెలుగుతో సమానంగా పెరగవు. 255లో సగమైన 128 దగ్గర వెలుగు సగం ఉండదు, ఐదో వంతు కంటే కొంచెం ఎక్కువ ఉంటుంది. సగం వెలుగు కావాలంటే అంకె 188 దగ్గర ఉండాలి. ఇప్పుడు పాత వెర్షన్లలోని 75 శాతం ఒపాసిటీని (నీడ చిక్కదనాన్ని) తీసుకుంటే, తెల్ల గోడ మీద ఆ నల్ల నీడ 64 అనే అంకెకు దిగుతుంది. అంటే ఎండలో ఉన్న వెలుగులో 5 శాతమే మిగిలినట్టు. మబ్బులేని రోజున ఎండ తగలని చోటికి కూడా ఆకాశం నుంచి సుమారు 10 నుంచి 20 శాతం వెలుగు వస్తూనే ఉంటుంది. 15 శాతం అనుకున్నా అంకె 108 దగ్గర, ఒపాసిటీ 58 దగ్గర ఆగాలి. బొగ్గు పూసినట్టు అనిపించడానికి కారణం ఈ తేడాయే.

అయితే కెమెరాలు, ఫోన్లు వెలుగును తమ పద్ధతిలో మారుస్తాయి కాబట్టి ఈ లెక్క కంటే నమ్మకమైన దారి ఫొటోనే కొలవడం. ఒకే నేల మీద ఎండ పడిన చోట ఐడ్రాపర్ (రంగు అంకెలు చూపే పనిముట్టు) పెట్టి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు రాసుకోవాలి. పక్కనే నీడలో ఉన్న అదే నేల అంకెలు కూడా రాసుకోవాలి. ఎండలో 210, 180, 140 ఉండి, నీడలో 90, 85, 80 ఉందనుకుందాం. నీడ అంకెను ఎండ అంకెతో భాగించి 255తో గుణిస్తే 109, 120, 146 వస్తాయి. ఆ రంగును మల్టిప్లై మోడ్‌లో (కింది రంగును పై రంగుతో గుణించి చీకటి చేసే పద్ధతిలో) 100 శాతం ఒపాసిటీతో వాడితే అక్షరం నీడ, తోరణం నీడ ఒకే నీడలా కలిసిపోతాయి. వచ్చిన రంగులో నీలం పాలు ఎక్కువగా ఉండటం గమనించాలి. ఎండను అక్షరం అడ్డుకుంది, నీలి ఆకాశపు వెలుగును మాత్రం పూర్తిగా అడ్డుకోలేకపోయింది. సాయంత్రం ఎండ పసుపెక్కేకొద్దీ నీడలో నీలం ఇంకా తెలుస్తుంది.

మల్టిప్లై గురించి ఒక అపోహ బాగా పాకింది. నల్ల నీడకు మల్టిప్లై పెడితే సహజంగా ఉంటుందని, నార్మల్ పెడితే కృత్రిమంగా ఉంటుందని చెబుతుంటారు. పచ్చి నలుపు విషయంలో రెండూ ఒకటే ఫలితం ఇస్తాయి. 40 శాతం నలుపు అంటే రెండు మోడ్‌లలోనూ కింది రంగును 0.6తో గుణించడమే. తేడా వచ్చేది నీడకు రంగు ఉన్నప్పుడు. నార్మల్‌లో నీలం కలిసిన నీడ, కింద ఉన్న చీకటి భాగాల మీద పొగమంచులా తేలుతుంది, మల్టిప్లైలో అలా తేలదు. కాబట్టి మల్టిప్లై ఎంచుకుని రంగును నలుపుగానే ఉంచితే చేసిన మార్పు ఏమీ లేనట్టే.

రెండు నీడలు ఒకదాని మీద ఒకటి పడే చోటు మరీ ముఖ్యం. తోరణం నీడలో ఉన్న నేల మీదకు అక్షరం నీడ పోతే అక్కడ ఇంకా నల్లబడకూడదు. అక్కడ ఎండను తోరణం అప్పటికే ఆపేసింది, అక్షరం ఆపడానికి మిగిలింది లేదు. సాఫ్ట్‌వేర్‌కు ఇది తెలియదు, గుణించేసి రెట్టింపు చీకటి చేస్తుంది. ఫొటోలో ముందే నీడగా ఉన్న భాగాన్ని సెలెక్ట్ చేసి, అక్షరం నీడ లేయర్‌కు మాస్క్ (కొంత భాగాన్ని కనపడకుండా చేసే ముసుగు) వేసి అక్కడ తుడిచేయాలి. అన్నీ సరిగ్గా చేసి ఈ ఒక్కటి మరిచిపోతే మొత్తం పని తేలిపోతుంది.

అంచు మెత్తదనం

సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. అందుకే నీడ మధ్యలో చిక్కటి భాగం, చుట్టూ పలచటి అంచు ఉంటాయి. బడి పుస్తకాల్లో ప్రచ్ఛాయ, ఉపచ్ఛాయ అని చదివింది ఇదే. ఆ పలచటి అంచు ఎంత వెడల్పుంటుందో దూరాన్ని బట్టి చెప్పవచ్చు. అక్షరానికీ గోడకూ మధ్య పది సెంటీమీటర్ల దూరం ఉంటే అంచు సుమారు ఒక మిల్లీమీటరు, ఒక మీటరు ఉంటే సుమారు తొమ్మిది మిల్లీమీటర్లు. నిలబడిన అక్షరం అడుగు దగ్గర నీడ గీసినట్టు ఉండి, పైభాగం నీడ పడే చోటికి పోయేకొద్దీ మెత్తబడుతుంది. నీడంతటికీ ఒకటే బ్లర్ ఇవ్వడం తప్పయ్యేది అందుకే. రెండు కాపీలు చేసి, ఒకదానికి తక్కువ, ఇంకోదానికి ఎక్కువ గాసియన్ బ్లర్ ఇచ్చి, గ్రేడియంట్ మాస్క్‌లతో ఒకదానిలోంచి ఇంకోదానిలోకి పోనిస్తే సరిపోతుంది. 2012లో వచ్చిన ఫొటోషాప్ సీఎస్6 నుంచి ఫీల్డ్ బ్లర్ ఉంది, దాంట్లో ఎక్కడ ఎంత మెత్తబడాలో చుక్కలు పెట్టి చెప్పవచ్చు.

ముసురు పట్టిన రోజు ఫొటో అయితే వాలు నీడ ఉండనే ఉండదు. వస్తువు నేలను తాకే చోట కాస్త నలుపు, అంతే. ట్యూబ్‌లైట్ కింద తీసిన ఫొటో అయితే ట్యూబ్ పొడవుకు సమాంతరంగా ఉన్న అంచులు పదునుగా, అడ్డంగా ఉన్న అంచులు మెత్తగా వస్తాయి. దీనికి గాసియన్ బ్లర్ కంటే ట్యూబ్ దిక్కులో ఇచ్చిన మోషన్ బ్లర్ చక్కగా కుదురుతుంది.

తెలుగు అక్షరం దగ్గర వచ్చే చిక్కు

ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు చాలావరకు చదునైన పాదాల మీద నిలబడతాయి. అందుకే వాటి అడుగు గీతను పట్టుకుని నీడను వాల్చేస్తే పని అయిపోతుంది. తెలుగులో ‘మేడారం జాతర’ అన్న మాటలు తీసుకుంటే ఒత్తు ఒక్కటీ లేదు, అక్షరాలన్నీ ఒకే గీత మీద కూర్చుంటాయి. కానీ ర, డ, త, సున్న అన్నీ గుండ్రటి అడుగున్నవే. గుండ్రటి వస్తువు నేలను ఒక్క చోటే తాకుతుంది. కాబట్టి అక్షరం అడుగున పెట్టే చిక్కటి నలుపు పట్టీలా సాగకూడదు. ప్రతి వంపు అడుగునా నువ్వుగింజంత చిక్కటి మచ్చ, అక్కడి నుంచి రెండు వైపులా త్వరగా పలచబడిపోవాలి. ఇంగ్లిష్ పాఠం చూసి అక్షరాల కింద పొడుగాటి నల్ల గీత పెట్టేస్తే ఆ అక్షరాలు నేలలో కూరుకుపోయినట్టు కనిపిస్తాయి.

ఇక ‘సమ్మక్క సారలమ్మ’ అని రాసి నేల మీద నిలబెట్టాలని చూస్తే అసలు కష్టం ఎదురవుతుంది. మ ఒత్తు, క ఒత్తు గీత కిందికి దిగుతాయి. అక్షరం ఇప్పుడు ఎక్కడ నిలబడింది? గీత దగ్గర నుంచి నీడను వాలిస్తే ఒత్తులు నేలలోకి దిగినట్టు అవుతుంది, వాటి నీడకు చోటే ఉండదు. ఒత్తుల అడుగు దగ్గర నుంచి వాలిస్తే ఒత్తు లేని స, సా, ర, ల నేలకు పైన ఆగిపోతాయి, వాటి నీడ వాటికి ఎడంగా మొదలవుతుంది. భౌతికంగా ఈ రెండోదే సరైనది, కానీ చూపుకు నేల విడిచి సాము చేసినట్టు ఉంటుంది. ‘ఓరుగల్లు’లోని ల ఒత్తు, ‘భద్రకాళి’లోని ర ఒత్తు, ‘బతుకమ్మ’లోని మ ఒత్తు, అన్నిచోట్లా ఇదే గొడవ.

దీనికి మూడు దారులున్నాయి. ఒకటి, అక్షరాల కింద ఒత్తులన్నీ ఇమిడే ఎత్తులో ఒక పీఠం గీసి, అక్షరాలను ఆ పీఠం ముందు వైపు అతికించినట్టు చూపడం. అప్పుడు నేల మీద పడే నీడ ముఖ్యంగా పీఠానిది, ఒత్తుల నీడ పీఠం మీద చిన్న డ్రాప్ షాడోగా సరిపోతుంది. రెండు, ఒత్తులున్న మాటను నేల మీద నిలబెట్టే ఆలోచన మానేసి గోడ మీదకో తోరణం పైకో తీసుకుపోవడం, అక్కడ ఒత్తు ఎంత కిందికి దిగినా ఇబ్బంది లేదు. మూడు, రాతను రెండు వరుసలు చేసి ‘మేడారం జాతర’ను నేల మీద, ‘సమ్మక్క సారలమ్మ’ను పైన గాల్లో వేలాడే బోర్డు మీద ఉంచడం. ఈ మూడింటిలో మూడోదే అన్నిటికంటే సహజంగా కుదురుతుంది, ఎందుకంటే దాంట్లో అక్షరం ఆకారాన్ని నీడ కోసం వంచాల్సిన పని లేదు. గడ్డిలోనో ఇసుకలోనో ఒత్తులను సగం దాచేయడం కూడా కొందరు చేస్తారు. అమ్మవార్ల పేరు చదవడానికి తడుముకోవాల్సి వస్తే ఆ నీడ ఎంత బాగా వచ్చినా దండగే.

గోడ మీది నీడలో ఇంకో ప్రమాదం ఉంది. తలకట్టుకూ కింది వంపుకూ మధ్య ఉన్న సందు చిన్నది. నీడను అక్షరం గీత మందమంత జరిపితే తలకట్టు నీడ సరిగ్గా ఆ సందులో పడి దాన్ని పూడ్చేస్తుంది. ద, ధ మధ్య తేడా అడుగున ఉన్న చిన్న నిలువు గీత మాత్రమే. డ, ఢ అయినా, ప, ఫ అయినా అంతే. కింది వైపుకు గట్టి అంచుతో నీడ పెడితే ఆ గీత నీడలో కలిసిపోయి ధ కాస్తా ద లాగా చదవబడుతుంది. కాబట్టి తెలుగు రాతకు నీడను రెండు కొసల్లో ఒకదాని దగ్గర ఉంచడం మంచిది. సందులో మూడో వంతు మించకుండా దగ్గరగా ఉండాలి, లేదంటే అక్షరాన్ని పూర్తిగా దాటిపోయేంత దూరంగా, బాగా మెత్తగా ఉండాలి. మధ్య దూరమే చదువును చెడగొడుతుంది. రామభద్ర లాంటి లావాటి ఫాంట్‌లో సందులు ఇంకా ఇరుకు, అక్కడ దగ్గరి నీడ కూడా జాగ్రత్తగా పెట్టాలి. మండలి లాంటి సన్నటి ఫాంట్‌కు కొంత వెసులుబాటు ఉంటుంది. రెండు వరుసల రాతలో పై వరుస ఒత్తుల నీడ కింది వరుస గుడి గుర్తుల మీద పడుతుంది. వరుసల మధ్య ఎడం ఒత్తు ఎత్తును బట్టి కాకుండా, ఒత్తు ఎత్తుకు నీడ దూరం కూడా కలుపుకుని పెట్టాలి.

నేల మీద నిలబెట్టే నీడ తయారీ ఇలా ఉంటుంది. రాత లేయర్‌కు కాపీ తీసి, రాతకు ముందు చెప్పిన కొలతతో వచ్చిన రంగు ఇచ్చి, స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా (రాతను బొమ్మలా వంచనిచ్చే లేయర్‌గా) మార్చాలి, ఎందుకంటే రాత రాతగా ఉన్నంతసేపు డిస్టార్ట్ పనిచేయదు. ఆ లేయర్‌కు మల్టిప్లై పెట్టాలి. కంట్రోల్ టీ నొక్కి, డిస్టార్ట్ ఎంచుకుని, అడుగు రెండు మూలలను కదపకుండా పై రెండు మూలలను ఎర్ర గీతలు చూపించిన చోటికి లాగాలి. సూర్యుడు అక్షరాల వెనక ఉంటే పై అంచును అడుగు గీత దాటించి కిందికి, చూసేవాళ్ల వైపుకు లాగాలి. నీడ తలకిందులుగా పరుచుకుంటుంది, అదే సరైనది. అప్పటికే డ్రాప్ షాడో పెట్టేసిన ఫైల్ అయితే ఎఫెక్ట్ పేరు మీద రైట్ క్లిక్ చేసి క్రియేట్ లేయర్ అంటే నీడ విడి లేయర్‌గా వస్తుంది, దాన్నీ ఇలాగే వంచవచ్చు. డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనలేనివాళ్లకు ఉచితంగా దొరికే గింప్‌లో లైట్ అండ్ షాడో మెనూలో పర్‌స్పెక్టివ్ అన్న ఫిల్టర్ ఉంది, అది ఈ వాలు నీడను చాలావరకు తానే వేస్తుంది.

నీడ పడే చోటు చదునుగా లేకపోతే నీడ కూడా వంగాలి. వేయిస్తంభాల గుడి మెట్ల మీద నీడ పడితే మెట్టు మెట్టుకూ విరుగుతుంది, అడ్డంగా ఉన్న భాగం మీద ఒక వాలు, నిలువు భాగం మీద ఇంకో వాలు. ఇక్కడ ఏ ఫిల్టరూ సాయం చేయదు, నీడను ముక్కలుగా కోసి ఒక్కో ముక్కను విడిగా వంచాల్సిందే. గుడ్డ ముడతలకు మాత్రం డిస్‌ప్లేస్ ఫిల్టర్ ఉంది. ఆ గుడ్డ ఫొటోను బ్లాక్ అండ్ వైట్ చేసి, కొద్దిగా బ్లర్ ఇచ్చి, విడి పీఎస్‌డీగా దాచి ఆ ఫిల్టర్‌కు చూపిస్తే వెలుగు భాగాలు ఒక వైపు, చీకటి భాగాలు ఇంకో వైపు నీడను నెడతాయి. 128 అంకె ఉన్న నడిమి బూడిద రంగు దగ్గర కదలిక ఉండదు. వరంగల్ దుర్రీ లాంటి రంగురంగుల చారలున్న నేత మీద ఇది దెబ్బతింటుంది, చారల రంగును కూడా ముడత అనుకుని నీడను నెట్టేస్తుంది. చారలు కరిగిపోయేంత గట్టిగా బ్లర్ ఇచ్చాకే దాన్ని మ్యాప్‌గా వాడాలి.

అన్నిటికీ నీడ కావాలా అంటే అక్కర్లేదు. చేర్యాల నకాశీ పటాల్లో ఎర్రటి నేపథ్యం మీద బొమ్మలు గీత బలంతోనే విడిగా నిలుస్తాయి, నేల మీద పడే నీడ అన్నది ఉండదు. ఆ తరహా బొమ్మను వెనక పెట్టుకుని అక్షరాలకు డ్రాప్ షాడో ఇస్తే బొమ్మ పద్ధతికీ రాత పద్ధతికీ పొత్తు కుదరదు. అక్కడ నల్లటి లేదా తెల్లటి స్ట్రోక్ (అక్షరం చుట్టూ గీత) చాలు.

ప్రింటు దగ్గరకు వచ్చేసరికి కొలతలు తారుమారవుతాయి. పది అడుగుల ఫ్లెక్సీని అంగుళానికి 72 పిక్సెళ్ల లెక్కన చేస్తే వెడల్పు 8,640 పిక్సెళ్లు. స్క్రీన్ మీద చక్కగా కనిపించిన ఐదు పిక్సెళ్ల నీడ ఫ్లెక్సీ మీద రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ముప్పై అడుగుల దూరం నుంచి మామూలు చూపు విడదీయగలిగేది రెండున్నర మిల్లీమీటర్లకు పైన ఉన్నదాన్నే. అంటే ఆ నీడ పెట్టినా పెట్టకపోయినా ఒకటే. నీడను పిక్సెళ్లలో కాకుండా అంగుళాల్లో ఆలోచించాలి. పెద్ద మెత్తటి నీడలు ప్రింటులో పొరలు పొరలుగా చారలు కట్టకుండా నాయిస్ మీటను రెండు మూడు శాతం కదిపితే మేలు.

చెక్కిన అక్షరాలది తిరగేసిన లెక్క. కాకతీయ రుద్రదేవుడు 1163లో వేయించిన వేయిస్తంభాల గుడి శాసనంలో అక్షరం రాయి కంటే లోతులో ఉంటుంది. వెలుగు ఎడమ పైనుంచి పడితే నీడ అక్షరం బయట కాకుండా లోపల, ఎడమ పై అంచు కింద ఉంటుంది. కుడి కింది అంచు ఎండ తగిలి సన్నగా మెరుస్తుంది. దీనికి వాడాల్సింది ఇన్నర్ షాడో. దానికి తోడు ఒకటి రెండు పిక్సెళ్లు జరిపి, ఒపాసిటీ బాగా తగ్గించి, స్క్రీన్ మోడ్‌లో (కింది రంగును వెలుతురు చేసే పద్ధతిలో) పెట్టిన లేత రంగు డ్రాప్ షాడో ఆ మెరుపును తెస్తుంది. అక్షరం లోపల కూడా అదే రాయి కాబట్టి ఫిల్‌ను (నీడలను ఉంచి అక్షరం రంగును మాత్రమే తగ్గించే మీటను) సున్నాకు దించాలి. 1213 నాటి రామప్ప గుడిలోని నున్నటి నల్లరాతి మీద రాసినట్టు చూపాలంటే నీడ దాదాపు కనిపించదు, నలుపును ఎంత గుణించినా నలుపే. అక్కడ పని అంతా ఆ కుడి కింది మెరుపు మీదే ఆధారపడుతుంది.

కన్ను వెలుగు పైనుంచే వస్తుందని అనుకుంటుంది. శాసనం ఫొటోను తలకిందులు చేస్తే లోతుగా ఉన్న అక్షరాలు ఉబ్బెత్తుగా కనిపించేది అందుకే. గుడిలో దీపం కింద పెట్టి, వెలుగు కింది నుంచి పడేలా తీసిన ఫొటో మీద చెక్కిన రాత చూపాలనుకుంటే ఈ చిక్కు తప్పదు. నీడ దిక్కు ఫొటోకు సరిపోయినా చూసేవాళ్లకు అక్షరాలు పైకి లేచినట్టే అనిపిస్తాయి. అలాంటి పనికి పక్క పైనుంచి ఎండ పడిన ఫొటోను వెతుక్కోవాలి, ఉదయం ఎనిమిది తొమ్మిది మధ్య ఏటవాలు ఎండలో తీసినది అయితే రాతి గీతలు కూడా బాగా తేలతాయి.